చెలమల పల్లంలో నేను నాటిన రాళ్లు

తిరుపతి నుంచి ఒక్కరోజులో సముద్రం చూసి రావచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. రావచ్చు. ఎనభైల మొదట్లో నేను ఆ దారిన పదిసార్లకు తక్కువ కాకుండా వెళ్లాను. వాటిలో ఒక ప్రయాణం గురించి మాత్రం ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. రాయాలంటే సిగ్గుగా ఉండేది. ఇప్పుడూ ఉంది.

అప్పుడు నేను తిరుపతిలో ఒక ఆఫీసులో గుమాస్తాని. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన వరదాచారి అయ్యవారు మాలాంటి వాళ్లను ఇరవై మందిని పోగేసి ఒక నడక సంఘం పెట్టారు. "కొండెక్కేవాళ్లకి మెట్లుండాయి. సముద్రం పక్కన నడిచేవాళ్లకి ఏముండాదప్పా?" అనేవారు. వాకాడు అవతల తీరం వెంబడి, పల్లె నుంచి పల్లెకి ఎవరైనా నడిచి వెళ్లేలా ఒక కాలిబాట గుర్తు పెట్టాలని ఆయన ఆశ. అది అనుకున్నంత సులువు కాలేదు. ఇసుకలో రాళ్లు దొరకవు, నాయుడుపేట వైపు నుంచి ఎద్దుబండిలో తెచ్చుకోవాలి. సున్నం కొట్టి పాతితే వానాకాలం గాలులకు దిబ్బలు కదిలి సగం కప్పేసేవి. సరుగుడు తోటలవాళ్లు ముళ్లకంచె వేస్తే చుట్టూ తిరగాలి. రెండేళ్లకు ఇరవై మందిమి ఆరుగురమయ్యాం. దేనికీ కాగితం లేదు. ప్రతి పల్లె పెద్దలూ అయ్యవారి ముఖం చూసి నోటిమాటగా ఒప్పుకున్నవే.

ఆ మార్చిలో ఒక పల్లె నుంచి పోస్టుకార్డు వచ్చింది. బళ్లో చదివే ఎవరో రాసిపెట్టినట్టున్నారు. "మీ రాళ్లు మా నీళ్లు చెరిపినాయి. వచ్చి సూడండి." అంతే. అయ్యవారు అది నాకిచ్చి, "ఆ బాట ముక్క నువ్వే గదా గుర్తు పెట్టినావు, నువ్వూ రా" అన్నారు. విషయం నాకు అప్పుడే అర్థమైంది.

ఆదివారం పొద్దున ఐదింటికి బస్సెక్కాం. కాళహస్తి మీదుగా నాయుడుపేటకి రెండు గంటలు, టిక్కెట్టు ఆరు రూపాయల చిల్లర. స్టాండు పక్కన పాకహోటల్లో ఇడ్లీ తిని, ఎనిమిదింటికి వాకాడు బస్సు పట్టుకున్నాం. అక్కడి నుంచి ఒంటెద్దు బండి. దారి పొడుగునా అయ్యవారు తాటితోపులు చూపిస్తూ ఏదో చెబుతూనే ఉన్నారు. నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు. పదిన్నరకు పల్లె చేరాం. దాని పేరు రాయను.

ఊరి తరఫున మాట్లాడటానికి చెంచమ్మ అనే ఆవిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, చేపల తట్ట మోసి మోసి మెడ కాస్త ముందుకు వంగింది. నేరుగా మమ్మల్ని పల్లంలోకి తీసుకెళ్లింది. సముద్రానికి నాలుగొందల అడుగుల్లో రెండు దిబ్బల మధ్య ఇసుక తవ్వితే అక్కడ తియ్యటి నీళ్లు ఊరతాయి. ఆ చెలమలే పల్లె మొత్తానికీ తాగునీరు. ఇప్పుడు నాలుగింటిలో మూడు గట్లు కూలి పూడిపోయి ఉన్నాయి. వాటి మధ్య నుంచి, తెల్లగా, వరుసగా మా రాళ్లు.

"చిత్తూరు కాలేజీ పిలకాయలంట, ముప్పై మంది వచ్చినారు. మీ రాళ్ల ఎంబడే దిగినారు. కాళ్లు కడిగినారు, క్యారేజీలు కడిగినారు, గట్లెక్కి తొక్కినారు. మిగిలిన ఒక్కటీ చాలక పదకొండు దినాలుగా పక్క పల్లెకి పోయి తెచ్చుకుంటా ఉండాం. మీరొచ్చి సూసేదాకా ముట్టొద్దని పెద్దోళ్లు ఆపినారు," అంది చెంచమ్మ. "ఈ పల్లం దిక్కు రావద్దని ముందే చెప్పినాం గదా సామీ?"

చెప్పారు. నాకే చెప్పారు. బాట తాటిచెట్ల వెనకగా చుట్టి పోవాలని ఒప్పందం. కానీ రాళ్లు పాతిన రోజున ఎండ మండిపోతోంది, తోడు వచ్చినవాడు జ్వరమని వెళ్లిపోయాడు, చుట్టి వెళ్తే నాలుగింటి బస్సు తప్పుతుంది. ఎవరు చూస్తారులే అని పల్లానికి అడ్డంగా పాతేశాను. అయ్యవారికి మాత్రం అనుకున్నట్టే పెట్టానని చెప్పాను.

ఆయన నావైపు తిరిగారు. ఒక్క మాట చాలేది. నా నోట్లోంచి వచ్చింది ఇది: "గాలికి జరిగినాయేమో అయ్యవారూ."

చెంచమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మూరెడు లోతున పూడ్చిన రాయి గాలికి నడస్తాదా అబ్బా?"

అయ్యవారు కండువా తీసి నడుముకు చుట్టుకుని చేతులు జోడించారు. "తప్పు నాదేనమ్మా. పెట్టిన బాటను వచ్చి చూసుకోకపోవడం నా తప్పు," అన్నారు. తర్వాత పంచె ఎగగట్టి చెలమలోకి దిగారు. అరవై రెండేళ్ల మనిషి, జీవితంలో ఒక్కనాడూ పార పట్టినవాడు కాదు. ఆడవాళ్లు వద్దంటున్నా వినకుండా మూడు గంటలసేపు ఇసుక ఎత్తిపోశారు. ఆయన పక్కనే నేనూ తవ్వాను. చివరికి ఊట వచ్చింది. చెంచమ్మ కొబ్బరిచిప్పతో తేటనీళ్లు ముంచి ముందు ఆయనకు, తర్వాత నాకు ఇచ్చింది. తాగాను. అప్పుడు కూడా చెప్పలేదు.

సాయంత్రం ఏడింటికి బస్సు కాళహస్తిలో టీకి ఆగింది. ఆయన అరచేతుల్లో బొబ్బలు గ్లాసుకు తగులుతున్నాయి. అవి చూసి ఇక ఉండలేక అంతా చెప్పేశాను. ఆయన టీ చివరిదాకా తాగి గ్లాసు బల్ల మీద పెట్టారు. కోప్పడితే బాగుండు అనిపించింది.

"నాతో చెప్పి ఏం లాభమప్పా? నీళ్లు పోయింది నాకా?" అన్నారు. లేచి వెళ్లి బస్సెక్కారు.

తర్వాతి ఆదివారం ఒక్కణ్ణే వెళ్లాను. చెంచమ్మ వలకు అంటుకున్న నాచు తీస్తోంది. నిలబడే చెప్పాను. ఆవిడ తిట్టలేదు, పర్వాలేదనీ అనలేదు. "తెలుసు. ఆ దినం నీ మొగం సూస్తే తెలిసిపాయె. నీ తప్పుకి పెద్దాయన మట్టి మోసినాడే అని బాధ," అంది. కాసేపాగి, "ఆ రాళ్లెత్తుకో" అని ఒక తట్ట ఇచ్చింది. ఇరవై మూడు రాళ్లు. పెకలించి, దిబ్బ దాటించి, బండిదారి దాకా మోసేసరికి సూర్యుడు వాలాడు. ఎవరూ సాయానికి రాలేదు. రాకపోవడమే న్యాయం.

ఆ పల్లె మళ్లీ బాటకు ఒప్పుకోలేదు. అయ్యవారు రెండుసార్లు వెళ్లి అడిగారు, మర్యాదగానే కాదన్నారు. ఆ సంగతి తెలిసి పక్క పల్లె కూడా వెనక్కి తగ్గింది. మధ్యలో తెగిన బాట మీద నడవడానికి ఎవరొస్తారు? ఏడాదిలో సంఘం ఆగిపోయింది. ఎందుకు ఆగిందని ఎవరైనా అడిగితే దిబ్బలు, కంచెలు, మనుషులు చాలకపోవడం అని చెబుతూ వచ్చాను. అవన్నీ నిజాలే. కానీ దిబ్బ కదిలితే మళ్లీ రాయి పాతాం, కంచె వస్తే చుట్టూ తిరిగాం. మాట పోయిన చోట మాత్రం ఏమీ చెయ్యలేకపోయాం. అది పోగొట్టింది నేను, ఒక బస్సు అందుకోవడానికి. అయ్యవారు బతికున్నంతకాలం నాతో మామూలుగానే ఉన్నారు. ఏ పని అప్పజెప్పినా మాత్రం, సాయంత్రం ఒకసారి వచ్చి చూసుకుని వెళ్లేవారు.

ఆ తీరానికి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. ఇప్పుడు సొంత బండిలో త్వరగా చేరొచ్చు కాబట్టి, ఇసుక కాలక ముందే, తొమ్మిదిలోపు నడక మొదలుపెట్టండి. ఏ పల్లె వచ్చినా మొదటి గుడిసె దగ్గర ఆగి, ఎటు వెళ్లొచ్చో, ఎటు వెళ్లకూడదో అడగండి. చుట్టుదారి చూపిస్తే చుట్టే వెళ్లండి.