పెట్టెలో దాచిన గెలాక్సీ

ఏడేళ్ళుగా నా ఇనప్పెట్టె అడుగున ఒక దారపు బంతి ఉంది. చేత్తో ఎత్తితే పెద్ద బరువేమీ కాదు. కానీ ఆ పెట్టె మూత తీయాలంటే ఈ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నా చెయ్యి తిన్నగా లేవలేదు. తాళంచెవి నా మొలలోనే ఉంటుంది. స్నానానికి వెళ్ళినా తీయను. అందులో నా బంగారం ఉందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. అనుకోనీ అని ఊరుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషి కాబట్టే చెబుతున్నాను. నా పేరు రాయను. భిలాయిలో స్టీలు ప్లాంటు క్వార్టర్లలో ఒక ముసలిదాన్ని, అంతే చాలు. విజయనగరం దగ్గర పల్లెలో మూడో తరగతి దాకా చదివాను. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. అసలు తప్పు మాత్రం మీరు దిద్దలేరు. నేనూ దిద్దలేను.

ముందు ఆ బంతి సంగతి చెప్పాలి. మా ఆయన బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు. ప్లాంటులో చేతులకు నూలు గ్లౌజులిస్తారు. అరచెయ్యి కాలిపోయి పనికిరాకుండా పోయినవి ఇంటికి తెచ్చేవాడు. మా వీధి ఆడవాళ్ళమంతా వాటిని సోడా నీళ్ళలో ఉడకబెట్టి, ఆరాక మణికట్టు దగ్గర కొస వెతికి పట్టుకుని విప్పేవాళ్ళం. కొస దొరికిందంటే గ్లౌజు మొత్తం దారమై వచ్చేస్తుంది. కాలినచోట తెగుతుంది. ముడేసి మళ్ళీ చుట్టాలి. ఆ దారంతో కాళ్ళు తుడుచుకునే పట్టాలు, పసిపిల్లల టోపీలు అల్లేవాళ్ళం. మిగతావాళ్ళు అల్లి అవగొట్టేవారు. నేను అల్లింది తక్కువ, దాచింది ఎక్కువ. ఒక్కో జత విప్పితే చిన్న ఉండ అయ్యేది. ఆ ఉండని తీసి పెద్దదాని మీద చుట్టేసేదాన్ని. ఆయన పోయాక మా పెద్దకొడుకు గ్లౌజులు కూడా అందులోకే వెళ్ళాయి. ఇరవై ఏళ్ళ పైన చుట్టగా చుట్టగా అది గుమ్మడికాయంత అయింది. గుండ్రంగా కూడా కాదు, గుడ్డులా కొంచెం సాగి ఉండేది.

భోపాల్ నుంచి విడిపోయి, రాయపూర్ రాజధానిగా మాకు కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజులవి. మా మనవరాలు అప్పుడు పదో తరగతి. పెద్దకొడుకు ఒక్కగానొక్క కూతురు. ఇక్కడే పుట్టింది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు, కోపం వస్తే హిందీలోకి దిగిపోతుంది. జిల్లా సైన్సు పోటీలో దానికి మొదటి స్థానం వచ్చింది. తరవాతి పోటీ రాయపూర్లో. అంతకు ముందైతే భోపాల్ వెళ్ళాలి. రాత్రంతా రైలు ప్రయాణం, ఆడపిల్లని ఎవరు పంపుతారు? ఇప్పుడు కుమ్హారి ఊరు దాటితే రాయపూర్ వచ్చేసినట్టే. అక్కడ నెగ్గితే పెద్ద దుర్భిణి ఉన్నచోటికి తీసుకెళ్ళి చూపిస్తారట. పిల్ల నిద్రలో కూడా అదే పలవరించింది.

అది చేసిన బొమ్మకి నడుమ ఉన్నది నా బంతే. ఆకాశంలో గెలాక్సీలని ఉంటాయట. ఒక్కోదాంట్లో లెక్కలేనన్ని చుక్కలు. అవి గుంపులు గుంపులుగా ఉంటాయట, ఒక్కో గుంపు నడిబొడ్డున ఒక రాక్షసి గెలాక్సీ కూర్చుంటుందట. టీవీ వచ్చిన అట్టపెట్టె లోపల బూటు పాలిష్‌తో నల్లగా పూసి, చిన్న చిన్న దూది రేకులు దారాలకు వేలాడదీసింది. అవి చిన్న గెలాక్సీలు. నడుమకి ఏం పెట్టాలో తోచక ఇల్లంతా తిరిగి, నా బంతి దగ్గర ఆగిపోయింది. అడిగింది. ఇచ్చాను. గర్వపడుతూ ఇచ్చాను, అది కూడా రాయాలి. దాన్ని పసుపు కలిపిన టీ నీళ్ళలో ముంచి ముసలి ఎరుపు రంగు తెప్పించింది.

రాయపూర్ వెళ్ళడానికి మూడు రోజుల ముందు, సాయంత్రం, ముందు గదిలో మాకు చెప్పి చూపించింది. నేనూ, నా కోడలూ, పక్క క్వార్టరు కృపమ్మా.

"నడుమనున్న ఈ పెద్దది ఎక్కడికీ వెళ్ళదు. చిన్నవే దీని దగ్గరికి వచ్చి పడతాయి. ఖా జాతీ హై సబ్‌కో," అంది పిల్ల.

"అన్నీ తినేసి ఏటి సేస్తాదే?" అని అడిగింది కృపమ్మ.

"ఇంకా మోటీ అవుతుంది ఆంటీ. కానీ కొత్త చుక్కలు దీంట్లో పుట్టవు. అన్నీ ముసలివే మిగిలాయి, అందుకే ఈ రంగు. చుట్టూ ఈ నూగు ఉంది కదా, ఇది కూడా వెలుగే. చిన్నవాటి దగ్గర్నించి ఊడొచ్చిన చుక్కలు. ఇప్పుడవి ఏ ఇంటివీ కావు."

కృపమ్మ నా వైపు చూసింది. తరవాత కోడలి వైపు.

"ఓలమ్మా, మీ అత్తని ఎదురుగా కూకోబెట్టుకుని రాసినాదేటే నీ కూతురు?"

నా కోడలు నవ్వింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నా భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"ఆంటీ, బీచ్ మే మత్ టోకో, మధ్యలో ఆపకండి. అసలు విషయం ఇంకా చెప్పలేదు," అంది పిల్ల.

"నవ్వింది సాలు. పొయ్యి మీద పాలు సూడు," అని కోడలితో అని నేను లేచి వెళ్ళిపోయాను. ఆ అసలు విషయం ఏమిటో నేను వినలేదు.

ఇప్పుడు చెప్పండి. ఒక్క నవ్వు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నా ఎదురుగా ఆ మనిషి నవ్వింది అదొక్కసారే. దానికి అంత మండాలా? మండింది. ఎందుకంటే కృపమ్మ అన్నది నిజం. చక్కెర డబ్బాకి తాళం వేసింది నేను. కుట్టుపని నేర్పే కేంద్రంలో కోడల్ని రమ్మని పిలిస్తే, ఇంటి పని ఎవరు చేస్తారని పంపనిది నేను. మా చిన్నోడు నాతో పడలేక పెళ్ళాన్ని తీసుకుని జాముల్ బస్తీలో వేరే ఇల్లు చూసుకుంటే, అది ఆ చిన్నకోడలు నేర్పిన బుద్ధి అని వీధిలో చెప్పుకుంది నేను. అబద్ధమైతే ఆ రాత్రే మరిచిపోయేదాన్ని.

మర్నాడు పిల్ల బంతిని మళ్ళీ రంగులో ముంచి, వెనక వరండాలో పాత పంచె మీద ఆరబెట్టి బడికి వెళ్ళింది. మధ్యాహ్నం, కోడలు పంపు దగ్గర ఉన్నప్పుడు, నేను బంతిని ఎత్తి పెట్టెలో పెట్టి, మా ఆయన ఉన్నికోటు కింద తోసి తాళం వేశాను. ఎవరో పూని చేయించినట్టు చెప్పను. నా చేతులే. తడి ఆరిందో లేదో నొక్కి చూసి మరీ పెట్టాను, కోటుకి మరక అంటుతుందని. అంత తెలివిగా ఉన్నాను.

ఒక్క రాత్రి ఉంచుదాం, పిల్ల ఏడ్చి నా కాళ్ళ దగ్గరకి వస్తే ఇద్దాం అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఈరోజు కూడా తేల్చుకోలేకపోతున్నాను.

నేను ఊహించనిది ఒకటి జరిగింది. ఆ మధ్యాహ్నమే పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే మనిషి వీధిలోకి వచ్చింది. కోడలు వరండాలో ఉన్న పాత బట్టలన్నీ, బంతి కింద పరిచిన పంచెతో సహా, మూటగట్టి ఇచ్చేసి ఒక డబ్బా తీసుకుంది. సాయంత్రం పిల్ల వచ్చింది. బంతి లేదు. పంచె లేదు. కొత్త డబ్బా ఉంది.

నన్ను ఎవరూ అడగలేదు. మీకు అర్థమవుతోందా? ఈ ముసల్ది దారప్పోగు కూడా పారెయ్యదని ఇంటిల్లిపాదికీ తెలుసు. నా పొదుపే నా తరఫున సాక్ష్యం చెప్పింది. పైగా, బంతి పోయిందని అందరికంటే గట్టిగా కోడల్ని తిట్టింది నేనే. ఇరవై ఏళ్ళ కష్టం అన్నాను. నోరు తిరిగినంతసేపు అన్నాను. కొడుకు కూడా అరిచాడు. కోడలు మొదట ఒట్టు పెట్టింది. తాను చూసినప్పుడు పంచె మీద బంతి లేదంది. సైకిలేసుకుని మూడు వీధులు ఆ సామాను మనిషి కోసం తిరిగింది. దొరకలేదు.

అప్పుడైనా తీసి ఇవ్వాల్సింది. పెట్టె నా వెనకే ఉంది, నేను దాన్ని ఆనుకునే కూర్చున్నాను. కానీ అప్పటికే తిట్టేశాను కదా. ఇప్పుడు తీస్తే ఆ తిట్లన్నీ ఎవరి మీద పడాలి?

రెండో రోజు పొద్దున్న కోడలు కూతురి ముందు కూర్చుని, "నానే ఇచ్చేసినానేమో గుంటా. మూటలో సూసుకోనేదు. నాకు గురుతు రావట్లేదు," అంది.

నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అక్కడే. తన కళ్ళతో చూసినదాన్ని తనే కాదనుకుంది. నేనంత గట్టిగా చెబితే నేను చెప్పిందే నిజమైపోయింది ఆమెకి. ఎందుకు పోట్లాడలేదు? నా మొలలో చెయ్యి పెట్టి తాళం లాక్కుని పెట్టె తీసి ఉండొచ్చుగా? తీయదు. అలా తీయలేని మనిషిగా పద్దెనిమిదేళ్ళు తయారుచేసింది ఎవరు? నేనే కదా. ఆమె మీద కోప్పడదామని మొదలుపెడితే ప్రతిసారీ చివరికి ఇక్కడికే వస్తాను.

పిల్ల రాయపూర్ వెళ్ళలేదు. పాత కాగితాలు ఉండచుట్టి పెట్టుకుని వెళ్ళమని టీచరమ్మ చెప్పినా వినలేదు. దాని బదులు ఇంకో పిల్ల వెళ్ళింది. మా పిల్ల తల్లితో, "ఒక్క డబ్బా కోసం ఇచ్చేశావు మా," అంది. అంతే. అరవలేదు. ఆ డబ్బాలో ఏం పెట్టినా తినేది కాదు. కోడలు దాన్ని అటక మీదకి ఎక్కించింది. పిల్ల ఇంటరులో సైన్సు వద్దని కామర్సు తీసుకుంది. ఇప్పుడు రాయపూర్లోనే ఉద్యోగం. గంట దూరం. పండక్కి వస్తుంది, నా పక్కన పడుకుంటుంది, నా ఒళ్ళో తల పెట్టుకుని తల్లి మీద చాడీలు చెబుతుంది. ఫోను చేస్తే తండ్రితో మాట్లాడుతుంది, నాతో మాట్లాడుతుంది. "మా ఠీక్ హై నా?" అని తల్లి గురించి నన్ను అడుగుతుంది. బాగానే ఉందని నేను చెబుతాను. కోడలు వంటింటి గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ నిలబడి, ఫోను తన దాకా వస్తుందేమోనని చూస్తుంది. రాదు. నేను పెట్టేస్తాను.

తల్లి దగ్గర ఉండాల్సిన పిల్ల ఊడి నా దగ్గరకి వచ్చి పడింది. ఆ సాయంత్రం అది చెప్పినట్టే. అప్పుడు కృపమ్మ నవ్వులాటకి అన్న మాటని పట్టుకుని కోపంతో నేనే ముడి తరవాత ముడి వేసి నిజం చేశాను.

బంతికి ఒక చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది. రంగు వేశాక పిల్ల రాసి గుచ్చింది, హిందీలో. బస్సు బోర్డు మీద ఊరి పేరు గుర్తుపడతాను గానీ హిందీ రాత చదవడం నాకు రాదు. ఈ ఏడేళ్ళలో ఎవరిచేతైనా చదివించుకోవచ్చు. చదివించలేదు. అందులో నా గురించి మంచిమాట ఉంటే తట్టుకోలేను. చెడ్డమాట ఉంటే నాకు సాకు దొరుకుతుంది. సాకు నాకొద్దు.

ఇవాళే ఎందుకు రాస్తున్నానని అడుగుతారేమో. పొద్దున్న సామాను మనిషి వీధిలో కేక వేసింది. కోడలు పాత చీరలు నాలుగు మూటగట్టింది. గుమ్మం దాకా వెళ్ళింది. ఆగింది. కింద కూర్చుని మూట విప్పి ఒక్కో చీర తీసి దులిపి చూసింది. మళ్ళీ మడిచింది. మళ్ళీ దులిపింది. ఏడేళ్ళుగా ప్రతిసారీ ఇదే. ఆ మనిషి విసుక్కుంటోంది. నేను చూస్తున్నానని తెలిసి నా వైపు తిరిగి, తప్పు చేసిన పిల్లలా, "ఏటీ నేదు అత్తా. ఓపాలి సూసుకుంటే మంచిది కదా," అంది.

ఆమె జుట్టు నెరిసిపోయింది. అది ఇవాళే చూశాను.

నేను కాక ఇంట్లో తెలుగు రాత చదవగలిగేది ఇప్పుడు ఆమె ఒక్కతే. కొడుకు ఇక్కడే హిందీలో చదివాడు. అందుకే తెలుగులో రాస్తున్నానా, పిల్లకి తెలియకూడదని? ఆ ప్రశ్న వేసుకున్నాను. వేసుకున్నాక ఒప్పుకుంటున్నాను, కొంత అందుకే. కాబట్టి పిల్లకి ఆదివారం ఫోను చేసినప్పుడు నోటితోనే చెబుతాను. చెప్పి ఫోను కోడలి చేతికి ఇస్తాను. వాళ్ళు మాట్లాడుకుంటారో లేదో నాకు తెలియదు. పిల్ల మళ్ళీ నా పక్కన పడుకోకపోవచ్చు. పడుకోకూడదు కూడా.

క్షమించమని ఎవరినీ అడగను. అడిగితే వాళ్ళ దగ్గర్నించి ఇంకొకటి తీసుకున్నట్టే. కోడలి దగ్గర తీసుకున్నది చాలు.

కోడలు కూరగాయలకి వెళ్ళింది. నేను పెట్టె తీశాను. బంతి రంగు ఏమీ పోలేదు. కోటుకి మరక అంటింది, అంటనీ. బంతిని తెచ్చి, చీటీ తీయకుండా, కూరలు తరిగే బల్ల నడుమ పెట్టాను. ఎవరో తెలియని మనిషికని మొదలుపెట్టిన ఈ కాగితం, కోడలు చదివేలా, దాని పక్కన ఉంటుంది. అటక మీది డబ్బా కూడా దింపి తుడిచాను. నడుము పట్టేసింది. తాళంచెవి మొలలోంచి తీసి డబ్బాలో వేశాను. చాలా ఏళ్ళకి నడుం చుట్టూ ఏమీ ఒత్తుకోవడం లేదు.

గేటు చప్పుడైంది. వస్తోంది.

అమ్మా, ఆ మూటలో ఏమీ లేదు. ఆ రోజు కూడా లేదు. ఇక విప్పి చూడకు.