ఊడిరాని మూత

తొంభైల్లో సివిల్స్ కోచింగ్ కోసం ఢిల్లీలో ఓల్డ్ రాజిందర్ నగర్‌లో అద్దెకుండేవాణ్ణి. ఓ ఆదివారం దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద పాత ప్లాస్టిక్ యుద్ధట్యాంకు బొమ్మ కొన్నాను. ఎవరో ఫిరంగిని వెనక్కి తిప్పి, ఎడాపెడా జిగురు పూసి అతికించారు. ఓపిగ్గా విడదీసి, బ్లేడుతో గీకి, సరిచేశాను. సైనికులు దిగే పైమూత మాత్రం ఊడిరాలేదు. పోనీలే అని దాని సందుల్లో జిగురు నింపేస్తున్నాను.

అప్పుడే గదిలోకొచ్చిన ఇంటి ఓనరు పంజాబీ అంకుల్, ఒకప్పుడు యుద్ధంలో ట్యాంకు నడిపిన మనిషి, "బంద్ మత్ కర్!" మూసెయ్యొద్దని అరిచారు.

"బొమ్మే కదా అంకుల్!" అన్నాను హిందీలో, నవ్వుతూ.

చెంప ఛెళ్లుమంది. కుర్చీతో సహా పడ్డాను. నా ఛాతీ మీద మోకాలు మోపి, ట్యాంకూ బ్లేడూ లాక్కుని ఆ మూతను పొడవసాగారు. ఆయన చెయ్యి తెగి నెత్తురు నా ముఖం మీద పడుతున్నా ఆగలేదు.

"అందర్ లడ్కే హై! జల్ జాయేంగే!"

లోపల కుర్రాళ్లున్నారట. కాలిపోతారట.

మూత ఊడింది. లోపలికి తొంగిచూసి, "కోయీ నహీ," ఎవరూ లేరంటూ నా పక్కనే కూలబడి ఏడ్చారు.

ఆ ట్యాంకు ఇప్పటికీ నా దగ్గరుంది. లోపల దుమ్ము పడుతోందని మా ఆవిడ సణుగుతుంది. పడనీ. ఆ మూత మాత్రం వెయ్యను.