ఫైర్ అంటే దాక్కున్నారు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను టేకులపల్లి అడవి పక్కనున్న శిక్షణ కేంద్రానికి అగ్నిమాపక భద్రతాధికారిగా వేశారు. అణు విద్యుత్ కేంద్రాల్లో మరమ్మతులకు వెళ్లే కాంట్రాక్టు కార్మికులు ముందు అక్కడ ఫైర్ డ్రిల్ పాసవ్వాలి. అప్పుడే గేటు పాసు. సైరన్ మోగిన ఐదు నిమిషాల్లో లోపలున్న ప్రతి ఒక్కరూ అసెంబ్లీ పాయింటుకు, అంటే ఆరుబయట తలలు లెక్కపెట్టే చోటికి, చేరాలి. ఒక్క తల తగ్గినా బ్యాచ్ మొత్తం ఫెయిల్.

ఆ బ్యాచ్‌లో పన్నెండు మంది. అందరూ కొత్తగూడెం వైపు బొగ్గు బావుల్లో పనిచేసి, పని పోయి వచ్చినవాళ్లు. వాళ్ల పెద్ద రాజరత్నం. "ఈ పాసు రాకుంటె మాకు ఇంకో పని లేదు మేడం" అన్నాడు. ఫైర్ డ్రిల్ అంటే తెలుసు కదా అని అడిగాను. "అవ్ మేడం, ఇరవై ఏండ్ల సంది అదే పని" అన్నాడు. ఇక చెప్పేదేముందని ఆ పాఠం ఎగ్గొట్టేశాను. నాకు తొందర కాస్త ఎక్కువే.

మర్నాడు ఉదయం అణు విద్యుత్ నియంత్రణ సంస్థ నుంచి పర్యవేక్షకుడు స్టాప్‌వాచ్‌తో వచ్చాడు. నవ్వు ఎరగని మనిషి. కార్మికులను పై అంతస్తులో ఉంచి, కింది గదిలో ఉత్తుత్తి పొగ వదిలాం. సైరన్ మోగింది. నేను మైకు అందుకుని "ఫైర్, ఫైర్" అని గొంతు చించుకున్నాను.

ఐదు నిమిషాలయ్యాయి. తలల లెక్క సున్నా. పొగకు పడిపోయారేమోనని మాస్కులు తగిలించుకుని లోపలికి పరుగెత్తాం, పర్యవేక్షకుడితో సహా.

పై అంతస్తులో కారిడార్ మలుపు వెనక, గోడకు ఆనుకుని, పన్నెండు మందీ వరసగా కూర్చున్నారు. అందరి వేళ్లూ చెవుల్లో. రాజరత్నం ఒక వేలు తీసి, "ఇంకా పేలుతలేదేంది మేడం? మీరు గూడ జల్దీ కూసోండ్రి" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. బొగ్గు బావిలో డ్రిల్ అంటే మందుగుండు కూరడానికి రంధ్రం వేయడం, ఫైర్ అంటే దాన్ని పేల్చడం. ఆ కేక వినగానే మలుపు దాటి దాక్కోవాలి.

నవ్వు ఆపుకోలేకపోయాను. మాస్కు అద్దం మసకబారి ఏమీ కనబడలేదు. పర్యవేక్షకుడైతే వాళ్ల పక్కనే కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. విషయం తెలిశాక మిగతా పదకొండు మందీ నవ్వారు. రాజరత్నం మాత్రం నవ్వలేదు. "అయితే మా పాసు పోయినట్టేనా సారూ?" అన్నాడు.

కేక విన్నాక దాక్కోవడానికి ఎంతసేపు పట్టిందని పర్యవేక్షకుడు అడిగాడు. పది లెక్కపెట్టేలోపట అన్నాడు రాజరత్నం. ఆయన కళ్లు తుడుచుకుని రిపోర్టులో రెండు ముక్కలు రాశాడు: కార్మికులు చెప్పిన మాట తక్షణం పాటించారు. ఫెయిలైంది భద్రతాధికారి.

మధ్యాహ్నం మళ్లీ డ్రిల్ పెట్టించాడు. ఈసారి మైకులో "మంటలు లేచినయ్, అందరు బయటికి ఉరుకుండ్రి" అన్నాను. మూడు నిమిషాల్లో పన్నెండు తలలూ లెక్కకు వచ్చాయి. ముందు నిలబడ్డది రాజరత్నమే. సాయంత్రానికి పాసులు చేతికిచ్చాను.

హెచ్చరిక ఇచ్చేవాడి నోట్లో ఒక అర్థం, వినేవాడి చెవిలో ఇంకో అర్థం ఉంటే ఎంత మంచి సైరన్ పెట్టినా లాభం లేదు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచ్‌ నమోదు పత్రంలోనూ పేరు పక్క గడిలో "ఇంతకుముందు ఏం పని చేసేవారు?" అని రాయించాను.