ఇంజిను పోలేదు

మా కారు లంకెలపాలెం దగ్గర పొగలు కక్కుతూ ఆగిపోయినప్పుడు మావారు వెనక సీట్లో పడుకుని ఉన్నారు. అంతకు ముందు వర్షాకాలంలో ఆయన మా బెల్లం గోడౌన్లో నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యేక వారం వారం విశాఖపట్నం తీసుకెళ్ళి వ్యాయామం చేయించుకు రావాలి. ఆటో ఎక్కిస్తే ప్రతి గతుక్కీ పళ్ళు బిగబట్టేవారు. మా మరిది కారు చిన్నది, అందులో కాళ్ళు చాపడానికి లేదు. ఈ కారులో మాత్రం మా అనకాపల్లి దాటకుండానే నిద్రపోయేవారు.

పెద్ద విదేశీ కారు అది. విశాఖపట్నంలో ఒక డాక్టరు వాడి వాడి విసుగెత్తి అమ్మేస్తుంటే, మావారు ముచ్చటపడి కొన్నారు. అప్పటికే అది పాతది. బెల్లం వర్తకుడికి మంత్రులు తిరిగే కారేమిటని మార్కెట్లో నవ్వేరు. ఆయన పట్టించుకోలేదు. నన్ను మాత్రం ఏనాడూ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. ఆయన పడ్డాక, అడక్కుండానే నేర్చుకున్నాను. మొదట్లో నేను కారు తీస్తుంటే వీధిలో అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. తర్వాత అలవాటు పడ్డారు. నేనూ పడ్డాను. అలవాటు పడ్డానన్నది చిన్నమాట. పొద్దున్నే హైవే ఎక్కి, ఆ బరువైన బండి నా చేతికింద మెత్తగా సాగుతుంటే, నా వయసులో నాకింత బలం ఎక్కడ దాగుందా అనిపించేది.

ఆరోజు ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత మీదికి ఎక్కడం చూసి పక్కకి తీసి ఆపేను. బోనెట్ సందుల్లోంచి ఆవిరి. వెనక లారీ ఆపుకుని ఒకాయన వచ్చి, మూత తియ్యొద్దు, ముఖం కాలిపోతుంది, చల్లారనివ్వండి అని చెప్పి వెళ్ళేడు. మావారు వెనకనుంచి ఏమైందని కూడా అడగలేదు. కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆయన మెలకువగా ఉన్నారని నాకు తెలుసు.

మా మరిది క్రేన్ బండి పంపించి, కారుని విశాఖపట్నంలో ఒక పెద్ద వర్క్‌షాపులో పెట్టించేడు. అన్నదమ్ములిద్దరి వ్యాపారం చూసుకునేది ఇప్పుడతనే. చెడ్డవాడు కాదు. కానీ ఏది అడిగినా తేల్చి పారెయ్యడమే అతని పద్ధతి. రెండు మూడు రోజులకి ఇంటికొచ్చి, ఇంజిన్ పైభాగం, హెడ్ పోయింది, ఇంజినే మార్చాలంటున్నారు, ఈ వయసు బండికి అది దండగ అన్నాడు. పాత ఇనుప సామాను కొనే ఒకాయనతో మాట్లాడి కూడా వచ్చేడు.

నేను మర్నాడు బస్సెక్కి ఆ వర్క్‌షాపుకి వెళ్ళేను. ఏం పోయిందో చూపించమన్నాను. బల్ల ముందున్న కుర్రాడు ఈ మోడళ్ళన్నీ ఇంతేనండి అన్నాడు. ఇంజిన్ విప్పేరా అని అడిగేను. విప్పలేదు. ఆయిల్ చూసేరా అంటే లోపలికెళ్ళి కనుక్కుని వచ్చి, అనుభవం మీద చెప్తామండి అన్నాడు. నాకు కోపం రాలేదు. మొండితనం వచ్చింది. చూడకుండానే చచ్చిపోయిందని చెప్తే నేను ఒప్పుకోనన్నాను. ఆ సాయంత్రమే క్రేన్ మీద కారు మా గోడౌన్ షెడ్డులోకి తిరిగొచ్చింది.

మావారు మంచం మీంచి అన్నారు, "నాకోసం ఎందుకీ తంటా? అమ్మేద్దాం. నేను ఆటోలో వెళ్తాలే."

"మీకోసం కాదు," అన్నాను. "నాకోసం."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ మాట కటువుగానే వచ్చింది. వెనక్కి తీసుకోలేదు, ఎందుకంటే అది నిజం. ఆ కారు పోతే ఆయన నొప్పి పెరుగుతుంది, నేను మళ్ళీ ఎవరో ఒకరు తీసుకెళ్తే వెళ్ళే మనిషినవుతాను.

బైపాస్ పక్కన లారీలు, ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్కు దగ్గరికి వెళ్ళేను. మా బెల్లం లారీలన్నీ అతనే చూస్తాడు, నన్ను అక్కా అంటాడు. ఈ కారు పేరు చెప్పగానే తల అడ్డంగా ఊపేడు. "నా వల్ల అవదక్కా. అందులో వైర్లు సూత్తేనే నాకు బయం. ఏదైనా ఇరిగితే నా పేరు పోద్ది."

విరిగితే నా పేరు పోతుంది, నీది కాదు అన్నాను. వైర్ల జోలికి వెళ్ళొద్దు, నీళ్ళు తిరిగే దారి ఒక్కటీ చూద్దాం అన్నాను. మధ్యాహ్నాలు షాపు ఖాళీగా ఉన్నప్పుడు వస్తానన్నాడు.

అప్పటికే నేను ఫోన్లో కార్లు బాగుచేసే వీడియోలు చూడ్డం మొదలెట్టేను. అవి ఏ దేశం వాళ్ళవో, మాట సగమే అర్థమయ్యేది. చేతుల వంక చూసేదాన్ని. ఇంజిన్ హెడ్ పోతే నీళ్ళు ఆయిల్లో కలుస్తాయని, ఆయిల్ పాలు పోసిన టీ రంగులోకి మారుతుందని, పొగగొట్టంలోంచి తెల్ల పొగ వస్తుందని తెలిసింది. మెకానిక్కు ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగేడు. ఆయిల్ నల్లగా, నున్నగా ఉంది. స్టార్ట్ చేసి పొగ చూసేం. ఏమీ లేదు. "పోనేదక్కా," అన్నాడు, నాకంటే అతనికే ఎక్కువ ఆశ్చర్యం. పోలేదని తేలింది సరే, మరి ఏం పోయింది?

మొదట ఇద్దరం తప్పే చేసేం. రేడియేటర్ మూసుకుపోయిందని అతని నమ్మకం. విప్పి, నీళ్ళు కొట్టి కడిగితే కాస్త బురద వచ్చింది. బిగించి స్టార్ట్ చేసి అక్కడే నిలబెట్టి ఉంచితే ముల్లు మధ్యలోనే ఆగింది. గెలిచేమనుకున్నాం. చోడవరం రోడ్డు మీదికి తీసేసరికి మళ్ళీ ఎక్కింది. ఫ్యాన్లు చూసేం, బాగానే తిరుగుతున్నాయి. అప్పుడతను థర్మోస్టాట్ పీకేద్దామన్నాడు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని ఆపి, వేడెక్కేక దారి తెరిచే చిన్న తలుపు అది. లారీలకి అందరూ పీకేస్తారట. దాన్ని విప్పమన్నాను కానీ పారెయ్యనివ్వలేదు. ఇంటికి తెచ్చి, సబ్బు పెట్టి తోమి, పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో వేసేను.

మావారు చక్రాల కుర్చీలో వంటింటి గుమ్మం దాకా వచ్చేరు. ఆరోజు అమ్మేద్దామన్నాక ఆయన మళ్ళీ కారు మాటెత్తలేదు. నీళ్ళు మరిగేక ఆ ఇత్తడి బిళ్ళ మెల్లిగా జరిగి నోరు తెరిచింది. చల్లనీళ్ళలో వేస్తే మూసుకుంది.

"దాని తప్పేం లేదు," అన్నారాయన. అని, అక్కడే కూర్చుండిపోయేరు.

దాన్ని మళ్ళీ బిగించి, వేసవి ఎండలో నేనొక్కదాన్నీ కశింకోట వైపు బయల్దేరేను. రోడ్డు దాదాపు ఖాళీగా ఉంది. కాస్త వేగం అందుకోగానే ముల్లు పైకి నడవడం మొదలెట్టింది. వీడియోల్లో ఒక చిట్కా చెప్పేవారు. దారిలో ఇంజిన్ వేడెక్కితే కారు లోపల హీటర్ పూర్తిగా పెట్టమని. ఇంజిన్‌లోని వేడినీళ్ళు హీటర్లోకి కూడా వస్తాయి కాబట్టి కొంత వేడి కారు లోపలికి వచ్చేసి ఇంజిన్ తేరుకుంటుందట. అద్దాలు దించి హీటర్ పెట్టేను. పక్కన షేరాటోలో ఉన్నవాళ్ళు నా చెమట చూసి జాలిపడి ఉంటారు. నిప్పుల గాలి వస్తుందని ముఖం పక్కకి పెట్టుకున్నాను.

చల్లగాలి వచ్చింది.

చెరుకు తోట పక్కన బండి ఆపేసి స్టీరింగు మీద చేతులు పెట్టుకు కూర్చున్నాను. ఇంజిన్ మండిపోతోంది. హీటర్లోకి రావలసిన వేడినీళ్ళు రావడంలేదు. నీళ్ళు తక్కువై కాదు, బయల్దేరే ముందే నిండా పోసేను. ఉన్న నీళ్ళు కదలడం లేదు. కదిలించేది నీళ్ళ పంపు. నాకు నవ్వొచ్చింది. రోడ్డు పక్కన ఒంటరిగా గట్టిగా నవ్వేను.

చల్లారేదాకా ఆగి, నెమ్మదిగా నేరుగా షాపుకే తోలేను. మెకానిక్కు వినీ వినగానే నమ్మలేదు. పంపు పోతే నీళ్ళు కారాలి, చప్పుడు రావాలి అన్నాడు. విప్పమన్నాను. విప్పడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పంపు చేతిలోకి వచ్చేక బెల్టు తిరిగే కప్పీ పట్టుకుని తిప్పేడు, తిరిగింది. రెండో పక్క నీళ్ళని తోసే రెక్కల్ని వేలితో ఆపి మళ్ళీ తిప్పేడు. కడ్డీ తిరుగుతూనే ఉంది, రెక్కలు కదల్లేదు. ఆ రెక్కలు ప్లాస్టిక్‌వి. ఏళ్ళ తరబడి వేడికి పగిలి, కడ్డీ మీద వదులైపోయేయి. బండి నిలబడి ఉన్నప్పుడు ఎలాగో లాక్కొచ్చేవి, వేగం పెరిగితే జారిపోయేవి.

"ఓలమ్మ, ఇదేటక్కా," అన్నాడు.

ఆ పంపుని పాత గుడ్డలో చుట్టుకుని తిన్నగా మా కొట్టుకి వెళ్ళేను. మరిది గద్దె మీద ఉన్నాడు, ఎదురుగా ఇద్దరు వర్తకులు. పంపుని అతని ముందు పెట్టి, తిప్పి చూపించేను. "ఇదీ పోయింది. ఇంజిను పోలేదు."

అతను దాన్ని చేతిలోకి తీసుకుని తనూ తిప్పి చూసేడు. "సరే వదినా. రేపు ఇంకోటి పోద్ది. అప్పుడేటి చేస్తావు?"

"అదీ విప్పుతాను."

వర్తకుల్లో ఒకాయన తల దించుకుని నవ్వు ఆపుకున్నాడు. నన్ను చూసో, మా మరిదిని చూసో నాకు తెలీదు. అక్కర్లేదు కూడా.

ఇనుప రెక్కలున్న పంపు హైదరాబాదు నుంచి తెప్పించి బిగించేం. బిగించిన రోజు మళ్ళీ వేడెక్కింది. ఆ ఒక్కరోజు నా ధైర్యం సడలింది. మావారే అన్నారు, నీళ్ళ దారిలో గాలి చిక్కుకుని ఉంటుంది, ముందు చక్రాలు ఎత్తున పెట్టి చూడమని. ఆయనా ఫోన్లో ఆ వీడియోలే చూస్తున్నారని అప్పుడు తెలిసింది. మర్నాడు ఆయన్ని కుర్చీలో షెడ్డుకి తోసుకెళ్ళేను. రేడియేటర్ పక్కనున్న చిన్న మరని వదులు చేస్తే బుడగలు బుడగలుగా గాలి బయటికొచ్చింది. గాలి ఆగి నీటి ధార వచ్చేక బిగించమని ఆయనే చెప్పేరు. మెకానిక్కు బిగించేడు.

తర్వాత వారం మిట్టమధ్యాహ్నం రోలుగుంట వైపు వెళ్ళేం, కొండలు దగ్గరయ్యేదాకా. దారంతా ఏసీ వేసే ఉంచేను. ముల్లు మధ్యలోంచి కదల్లేదు. మావారు ఆరోజు వెనక పడుకోలేదు. నా పక్క సీటు వెనక్కి వాల్చుకుని కూర్చున్నారు. కాసేపటికి, మలుపుల్లో కొంచెం తొందరగా తిప్పుతున్నావు అన్నారు. బండి నడిపేది నేను అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ నవ్వుకున్నారు.

ఆ తర్వాత చాలా పోయేయి. నీళ్ళ డబ్బా పగిలింది, ఒక రబ్బరు గొట్టం చీలింది, తలుపు అద్దం కిందికి దిగి పైకి రాలేదు. మా మరిది మాట తప్పు కాదు, ఒకదాని తర్వాత ఒకటి పోతూనే ఉంటాయి. మావారి నడుం కూడా అంతే, ఒక వారం బాగుంటే ఒక వారం బాగోదు. ఇంకా ఎన్నాళ్ళుంచుతావమ్మా ఆ పాత బండిని అని పెళ్ళిళ్ళలో అడుగుతుంటారు. నడిచినన్నాళ్ళూ అంటాను. నడవకపోతేనో అంటారు. ముందు ఎందుకు నడవలేదో చూస్తానంటాను.