సంతలో నా రాయి

మా జిల్లాల సంతల మీద రాసినవాళ్లెవరూ నన్ను ఒక్క మాట అడగలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే నా కడుపు మంట కొంత చల్లారుతుంది. పన్నెండేళ్లుగా పాత స్కూలు వ్యానులో కాపురం చేస్తూ, విజయనగరం శ్రీకాకుళం జిల్లాల్లో వారానికి ఆరు సంతలు తిరిగి తాళ్లమ్ముతున్నాను. ఒకసారి ఒకాయన కెమెరాతో వచ్చాడు. వ్యాను ఫొటో తీశాడు. లోపల వేలాడే పలుపుల ఫొటో తీశాడు. మా గ్యాస్ పొయ్యి ఫొటో కూడా తీశాడు. నన్ను మాత్రం "కొంచెం పక్కకి జరగండి" అన్నాడు. జరిగాను. తర్వాత ఎవరి ఫోనులోనో ఆ ఫొటో కనిపించింది. అందులో నా మోచెయ్యి ఉంది.

ఇలాంటివి నేను మరిచిపోను. ఎచ్చెర్ల దగ్గర ఒక టీకొట్టువాడు నా వెనకాల వచ్చిన ముగ్గురికి ముందు టీ ఇచ్చాడు. ఐదేళ్లయింది. ఇప్పటికీ ఆ కొట్టు ముందు నుంచే వ్యాను పోనిస్తాను, ఆపను. పొందూరులో ఒక ఖద్దరు కొట్టాయన తాడు రాసుకుని గరుకెక్కిన నా చేతులు చూసి, పంచె మడత విప్పకుండానే చూపించాడు. మా ఆవిడ తరఫు పెళ్లిలో "బండి కాస్త అవతల పెట్టుకో, వీడియోలో పడతాది" అన్నారు. అవతలే పెట్టాను. ఎంత అవతలంటే, భోజనాలకి నడిచి రాలేనంత.

అన్నిటికీ మొదలు మా నాన్న తాళ్లకొట్టు. అది విజయనగరంలో ఉండేది. పంపకాల నాడు పెద్దలు కూర్చుని కొట్టు మా అన్నకని తేల్చారు. "నీకు కాలు నిలవదు కదరా, నీకు కొట్టేటి?" అన్నాడు మా పెదనాన్న. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అలా నవ్వినందుకు నా మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. ఆ నెలలోనే, మూతపడిన ఒక బడివాళ్లు అమ్మకానికి పెట్టిన వ్యాను కొన్నాను. సీట్లు పీకించి ఒక చెక్క మంచం, ఒక అర, నీళ్ల డ్రమ్ము పెట్టించాను. మూడుసార్లు నీలం రంగు వేయించినా గీసుకున్నచోటల్లా పసుపు బయటపడుతుంది. వెనక "పిల్లలున్నారు, జాగ్రత్త" అన్న అక్షరాలు అలాగే ఉండిపోయాయి. మాకు పిల్లలు లేరు. వాటిని చెరిపించమని మా ఆవిడ అంది. రంగు అంతదాకా రాలేదు.

మా ఆవిడ నాకు మేనమామ కూతురు. నన్ను ఇప్పటికీ బావా అనే పిలుస్తుంది. నెల్లిమర్లలో జనపనార తాడు, గోనెసంచులు ఎక్కించుకుని చీపురుపల్లి మీదుగా రాజాం, పాలకొండ వైపు వెళ్లి, తిరిగి పొందూరు మీదుగా కిందికి దిగుతాం. పశువుల పలుపులు, నూతి చేదలకి తాళ్లు, ఉట్లు, పడవలకి కట్టే లావు మోకులు అమ్ముతాం. స్నానాలు పెట్రోలు బంకుల వెనక. వంట ఎక్కడ ఆగితే అక్కడ. ఆగడమంటేనే నాకు చిరాకు. రెండు రోజులు ఒకేచోట ఉంటే ఒంట్లో నలతగా ఉంటుంది, అన్నం సయించదు. "కుక్కరు కూతేసీదాకా ఉండు బావా" అని ఆవిడ అంటూనే ఉంటుంది, నేను గేరు వేసేస్తాను. రోడ్డు మీద గోతులొస్తే ఆవిడ ఒక చేత్తో కుక్కరు, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుంటుంది.

ఇలా తిరిగే నాకు భూమ్మీద నాదంటూ ఒక్క చోటుంది. అది బుధవారం సంతలో బోరింగు పక్కన, నాలుగు గజాలు. ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్లకి తెలుస్తుంది.

ఆ సంతలో ఒక కట్టుబాటుంది. సాయంత్రం సామాన్లు సర్దుకున్నాక ఎవరి చోటులో వాళ్లు ఒక రాయి పెట్టి వెళ్లిపోతారు. మళ్లీ బుధవారం దాకా ఆ రాయే మనిషి. కుక్కలు పడుకుంటాయి, మేకలు తొక్కుతాయి, మనుషులు మాత్రం రాయి కదపరు. నాది సగం తిరగలి రాయి. మధ్యలో సగం బెజ్జంతో అర్ధచంద్రంలా ఉంటుంది. మా అత్తగారి తిరగలి విరిగిపోతే, ఆ సగం ముక్కని మా ఆవిడ పుట్టింటి నుంచి వ్యానులో వేసుకొచ్చింది. ఎందుకని అడగలేదు. బరువుగా ఉంది, సంతకి పనికొచ్చింది.

ఒక బుధవారం తెల్లవారి వెళ్లేసరికి రాయి లేదు. నా చోటులో ప్లాస్టిక్ బిందెలతను పట్టా పరిచేశాడు.

"లెగు," అన్నాను.

"ఏటి లెగు? రాయి నేదు కదా, కాళీ సోటు."

"పన్నెండేళ్లై ఉన్నాది రాయి."

"ఉంటే సూపించు మరి."

పక్క చోటు ఎండుచేపలమ్మే ఆవిడది. సముద్రం ఒడ్డు నుంచి ఆటోలో గంపలు తెచ్చుకుంటుంది. మా ఆవిడ ఆమెని అప్పా అంటుంది, నేను వదినా అంటాను. ఆ రాయికీ ఆవిడ గంపకీ మధ్య జానెడే ఎడం. అడిగాను.

"ఓలమ్మ, నాకేటి తెలుసు మరిదీ? నా సేపలు నాను సూసుకుంటానా, నీ రాయికి కాపలా కాస్తానా?"

సంత ఆశీలు వసూలు చేసే అతను రసీదు పుస్తకం ఊపుకుంటూ వచ్చాడు. మొత్తం విని, "నీకు సోటెందుకు బాబూ? నీ ఇల్లే సక్రాల మీదున్నాది. ఎక్కడాపితే అదే నీ సోటు," అన్నాడు. బిందెలతను నవ్వాడు. గాజులమ్మే ఆమె నవ్వింది. పంపకాల నాటి నవ్వే అది, మనుషులే వేరు.

ఆ రోజు మేకల సంత వెనక గోడవార కూర్చున్నాను. అక్కడికి తాళ్ల కోసం ఎవరొస్తారు? పైవారం ఊరి పంచాయతీకి అర్జీ పట్టుకెళ్లాను. అక్కడున్నతను చదివి, "ఇంటి నంబరు రాయలేదేటి?" అన్నాడు. వ్యాను నంబరు రాశాను. కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఫ్యాను గాలికి ఎగిరిపోయేచోట పెట్టాడు. దానికి ఇప్పటిదాకా జవాబు లేదు.

మూడు వారాలు ఆ సంతలో నేను అడగని మనిషి లేడు. బిందెలతనితో కలబడబోతే నలుగురు పట్టుకున్నారు. గాజులామె నాతో మాట్లాడడం మానేసింది. "రాయున్న చోటు కదపకూడదు, కదిపినవాడు మనిషి కాడు," అని బోరింగు దగ్గర నిలబడి అరిచాను. మా ఆవిడ గ్లాసులో టీ పోసిచ్చి, "పోనీలే బావా, రాయే కదా," అంది.

మూడో బుధవారం వదినే నోరు జారింది. పక్కన ఎవరో ఆటో కిరాయిల మాట ఎత్తితే, "ఆటోవోల్ల మాట సెప్పకు! ఆ తిరగలి ముక్కకి కూడా మనిషి కిరాయి అడిగినాడు," అంది. అని నాలుక కరుచుకుంది.

"ఏ తిరగలి ముక్క వదినా?"

వదిన చేపల మీద ఈగలు తోలడం మొదలుపెట్టింది. తర్వాత మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ గోనెసంచులు కట్ట కడుతోంది. ముడి బిగించి లేచి నిలబడింది.

"బండెక్కు బావా. సూపిస్తాను."

పన్నెండేళ్లలో ఎటు తిప్పాలో ఆవిడ చెప్పడం అదే మొదటిసారి. ఎడమకన్నచోట ఎడమకి తిప్పాను. గంపలతో వదిన కూడా ఎక్కింది. తాటిచెట్లు దాటాం, ఇసుక మొదలైంది, చేపల వాసన వచ్చింది. వదిన వాళ్ల వాడలో, ఆవిడ ఇంటికీ వలలు పెట్టే పాకకీ మధ్య ఒక రేకుల గది ఉంది. ఆవిడ కొడుకు పెళ్లాంతో సహా విశాఖ వెళ్లిపోయాక ఖాళీగా ఉందట. గుమ్మం ముందు, బూడిద రంగు ఇసుకలో, నా రాయి. బెజ్జం సముద్రం వైపు తిరిగి ఉంది.

"దొంగతనంగా తీసుకొచ్చావా?" అన్నాను మా ఆవిడతో.

"మా అమ్మ రాయి నాను తెచ్చుకుంటే దొంగతనమేటి?"

"అది నా చోటు రాయి."

"దాన్ని మా ఇంటి కాడి నుంచి నీ సోటు కోసం తెచ్చానా? మనకో గుమ్మం ఉంటే గుమ్మం ముందు ఎయ్యాలని తెచ్చాను. తీసుకెళ్లి సంతలో పడీసినావు."

"అంటే ఇప్పుడు ఇక్కడ..."

"ఏసీసినాను. రాయున్న సోటు కదపకూడదని మూడు వారాలై అరుస్తన్నావు కదా బావా? కదుపు. నువ్వే కదుపు, సూద్దాం."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "కదపలేడే సెల్లీ, మాట మీదుండే మనిషి!"

నేను వంగాను. రెండు చేతులూ రాయి కిందికి పోనిచ్చాను. అడుగున ఇసుక చల్లగా ఉంది. ఎత్తగలను, అదేం పెద్ద బరువు కాదు. వారానికోసారి ఎత్తిందే. కాని ఇది ఎత్తితే బిందెలతన్ని నేనేమని లేపాలి? ఆశీలతనికి ఏం చెప్పాలి? చేతులు తీసేశాను. వేళ్లకంటిన ఇసుక పంచెకి తుడుచుకున్నాను.

"నన్నో మాట అడగొచ్చు కదా," అన్నాను.

"అడిగాను."

"ఎప్పుడు?"

వదిన నవ్వు ఆగిపోయింది. మా ఆవిడ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి, తలుపు తెరిచి, లోపల ఊడవడం మొదలుపెట్టింది.

అది జరిగి నెల కావస్తోంది. ఆవిడ ఆ గదిలో ఉంటోంది. నేను నాలుగు రోజులు సంతలకి పోయి, మూడు రోజులు అక్కడికి వస్తున్నాను. బుధవారం సంతకి మాత్రం వెళ్లడం లేదు. బిందెలతను నా చోటులోనే ఉన్నాడట. వచ్చిన మూడు రోజులూ నిద్ర పట్టదు. లేచి వ్యాను టైర్లు చూసుకుంటాను, అద్దం తుడుస్తాను, ఊరికే ఇంజను వేసి ఆపుతాను. వాడలోవాళ్లు నన్ను వింతగా చూస్తున్నారు. అదీ గుర్తు పెట్టుకుంటున్నాను. ఆవిడ మాత్రం స్టవ్వు ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. కుక్కరు కూత వేసేదాకా కదలదు. ఆ మొహంలో అంత తాపీ నేనెప్పుడూ చూడలేదు. చూసినకొద్దీ నాకు కాలు నిలవదు.

ఇంట్లో ఉంటానో ఉండనో ఆవిడ నన్ను అడగడం లేదు. నేనడిగినదానికీ జవాబు చెప్పడం లేదు. నేను రాసిన కాగితాలన్నీ ఆవిడ చదువుతుంది, కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను.

ఎవరు ఏ రోజు ఏ మాటన్నారో, అప్పుడు ఎండగా ఉందో వానగా ఉందో కూడా చెప్పగలిగినవాణ్ని నేను. నువ్వడగడం ఒక్కటి నాకు గుర్తు లేదు. ఎప్పుడడిగావు? చీపురుపల్లి గేటు పడి రైలు కోసం ఆగినప్పుడా? ఆ అక్షరాలు చెరిపించమన్న రోజునా? కుక్కరు పట్టుకుని ఉండు బావా, ఉండు బావా అన్నావే, అప్పుడా? ఒకసారా, పదిసార్లా? అడిగినప్పుడు నేనేమన్నాను? అసలేమైనా అన్నానా? రాయి నేను కదపలేదు. నా మాట నేను నిలబెట్టుకున్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు.