మేనత్త ఇంట్లో రేటింగు పెట్టె

మా మేనత్త ఆ పెట్టెను ప్రార్థనంత నిష్ఠగా చూసుకునేది. ఏ సీరియల్‌ను ఎంతమంది చూస్తున్నారో లెక్కతీసే కంపెనీవాళ్ళు, షాలిమార్ రైల్వే క్వార్టర్లోని ఆమె టీవీకి దాన్ని తగిలించారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. టీవీ ముందు కూర్చున్న మనిషి రిమోట్‌లో తనకిచ్చిన అంకె నొక్కాలి. అన్నం వార్చడానికి లేచినా అత్త తన అంకె తీసేసే వెళ్ళేది.

ఆమెకిష్టమైన సీరియల్‌కు రేటింగు పడిపోయిందనీ, ఆపేస్తారనీ పేపర్లో వచ్చింది.

"మామయ్య అంకె కూడా నొక్కెయ్ అత్తా," అన్నాను.

"ఆయన సూడందే ఎలా నొక్కుతానే? తప్పు కాదేటి?" అంది.

ఆ వారమే ఇద్దరు మనుషులు కొత్త టీవీ మోసుకొచ్చారు. అది ఉంచేసుకుని, ఆ సీరియల్ వేళకు వేరే ఛానల్ పెట్టమన్నారు. అత్త ఒప్పుకోలేదు.

"ఆలోచించుకోండి మాసీమా," అన్నాడొకడు, బెంగాలీలో పిన్నిని పిలిచినట్టు, నవ్వుతూ. "మీ ఆయన రోజూ పొద్దున్నే ఒంటరిగా నది ఘాట్‌కు నడిచి వెళతారు కదా."

మర్నాడే అత్త పెట్టె తీయించేసింది.

"పెట్టె ఈ ఇంట్లో ఉందని మాకు తప్ప ఎవరికీ తెలీదే," అన్నాడు విప్పడానికి వచ్చినతను.

"మరి ఆలకెవులు సెప్పినారు బాబూ?"

అతను తల వంచుకుని తీగలు చుట్టసాగాడు. అత్త వద్దంటున్నా వినకుండా, వాళ్ళకి భయపడేదేమిటంటూ మా నాన్న ఆ పెట్టెను ఎదురుగా ఉన్న మా క్వార్టర్లో పెట్టించుకున్నాడు. నెల తిరక్కుండానే సీరియల్ ఆగిపోయింది.

ఒక సాయంత్రం ఆ ఇద్దరూ మళ్ళీ వచ్చారు.

"ఇంకో సీరియల్ పని పడింది. పెట్టె ఇప్పుడు ఎవరింట్లో ఉంది మాసీమా?" అని మర్యాదగా అడిగారు.

అత్త మా గుమ్మం వైపు చూడకుండా, "నాకు తెల్దు బాబూ," అంది.

వాళ్ళు వెళ్ళలేదు. ఆమె అరుగు మీదే కూర్చుని, వీధిలో ఒక్కొక్క కిటికీనే చూడసాగారు. మా ఇంట్లో టీవీ నడుస్తూనే ఉంది; దాని పక్కనున్న పెట్టె కిటికీలోంచి కనబడుతోంది.