ఇంకొక్క పౌండు గాలి

మర్వ్ పాస్కోకి చాలు అనే మాట తెలియదు. గాలి విషయంలో మరీను. సైకిల్ ట్యూబు గానీ, పుట్టినరోజు బుడగ గానీ, గాలి పట్టే వస్తువేదైనా ఆయన చేతిలో పడితే దానికి ఆయుష్షు మూడినట్టే. "ఇంకొక్క పౌండు" అంటాడు ఒత్తిడి మీటరు చూస్తూ. ఆ తర్వాత ఠాప్‌మని వినిపిస్తుంది. ఈ చప్పుడుతోనే ఇన్నేళ్లు కాపురం చేసిన నోలీన్‌కి, మొగుడి మీద గౌరవం ఎన్నో పౌండు దగ్గర పోయిందో గుర్తులేదు.

ఒకసారి చర్చిలో గాలితో మోగే ఆర్గన్ వాద్యం నీరసంగా మూలుగుతోందని పాస్టరు పొరపాటున మర్వ్ ఎదుట అన్నాడు. ఆదివారానికల్లా ఆయన దాని గాలితిత్తికి కొత్త మోటారు బిగించాడు. మొదటి కీర్తనకి కిటికీ అద్దాలు వణికాయి. రెండో కీర్తనకి తిత్తి చిరిగి, అందులో ఏళ్లుగా పేరుకున్న దుమ్మంతా పాడేవాళ్ల నోళ్లలో పడింది. "తోలు పల్చన. తప్పు గాలిది కాదు," అన్నాడు మర్వ్, తుమ్ముతున్న జనం మధ్య నిలబడి.

ఇవన్నీ చిల్లర పాపాలు. అసలు పాపం షెడ్డులో ఉండేది. రేసు కారు, అందులో ఎనిమిది సిలిండర్ల పాత వి-ఎయిట్ ఇంజిన్, దాని నెత్తిన సూపర్‌చార్జర్. అంటే ఇంజిన్ నోట్లో బలవంతంగా గాలి కుక్కే పంపు. ఆ పంపుని తిప్పే పుల్లీ చక్రం ఎంత చిన్నదైతే గాలి అంత ఎక్కువ. ఈ సంగతి తెలిసిన రోజే మర్వ్ చెడిపోయాడని నోలీన్ అభిప్రాయం. ఏటా గోధుమ కోతలయ్యాక ఊరిబయట కార్ల రేసు పెడతారు. ఏటా దాని ముందురోజు మర్వ్ ఇంకాస్త చిన్న పుల్లీ చెక్కి తగిలిస్తాడు. ఏటా ఇంజిన్ పేలిపోయి, రేసుకి తోలడానికి బదులు సాసేజీలు కాల్చడానికి వెళ్తాడు.

"ఏరా మర్వ్, ఈసారి సాసేజీల్లోకి ఉల్లిపాయలు నువ్వు తెస్తావా, నన్నే తెమ్మంటావా?" అని ఎగతాళి చేసేవాడు క్లారీ. ఏటా గెలిచేది అతనే.

ఈ ఏడు నోలీన్ పట్టుబట్టి కూర్చుంది. "ఎనిమిది పౌండ్లు. అక్కడితో ఆపు. మళ్లీ పేల్చావంటే నీ మంచం షెడ్డులోనే."

"ఎనిమిదా? ఎనిమిదితో మా అమ్మ కూడా తోలుతుంది."

"మీ అమ్మ తోలితే బండి కనీసం గీత దాటేది."

మర్వ్ ఒట్టేశాడు. వింత ఏమిటంటే, నిలబెట్టుకున్నాడు కూడా. ప్రాక్టీసులో క్లారీని వెనక్కి నెట్టాడు. క్లారీ ఉల్లిపాయల మాట ఎత్తడం మానేశాడు. నోలీన్ మెచ్చుకోలేదు గానీ, రేసుకని కొత్త టోపీ కొనుక్కుంది.

ఇంతలో పక్కింటి గ్వెండా పేచీ ఒకటి. పోయిన చలికాలంలో ఆమె మొగుడు కీత్ పోయాడు. ఈసారి ఆయన కారు తనే తోలుతానంది. అదీ కీత్ చివరగా చెక్కి వదిలేసిన బుల్లి పుల్లీతోనేనట. ప్రమాదమని చెప్పబోయిన వాళ్లని గుమ్మంలోంచే సాగనంపింది. మర్వ్ ఒక్కడే వద్దనలేదు. "ఆ పుల్లీ ఓసారి ఇవ్వు, మెరుగు పెట్టిస్తాను," అన్నాడు.

"ఊరంతా వద్దంటుంటే నువ్వు మెరుగు పెడతావా?" అని నోలీన్ మండిపడింది. "దొందూ దొందే!"

రేసు ముందురోజు మధ్యాహ్నం ఆవిడ స్కోన్ రొట్టెలకి పిండి కలుపుతుండగా షెడ్డు ఎగిరిపోయినంత పనైంది.

పరుగున వెళ్లి చూస్తే అంతా పొగ. ఇంజిన్ పక్కభాగంలో పిడికిలి పట్టేంత బెజ్జం. నేలంతా నూనె. మర్వ్ మాత్రం దూరంగా గోడవారన నిలబడి, అక్కడికి లాగి పెట్టుకున్న మీటరు ముల్లు వంక చూస్తున్నాడు.

"పన్నెండు పౌండ్లు," అన్నాడు. "సరిగ్గా పన్నెండుకి."

"సిగ్గులేని మనిషీ! ఒక్క రోజు ఆగలేకపోయావా? ఈ ఒక్క ఏడూ గెలిచేవాడివే! నీకు ఇంజినెందుకు, బుడగలు కొనిస్తాను, ఊదుకుంటూ కూర్చో!" నోలీన్‌కి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు టోపీ కోసమో మొగుడి కోసమో ఆవిడకే తెలియలేదు.

మర్వ్ పుల్లీ ఊడదీసి గుడ్డతో తుడిచాడు. చప్పుడు విని గ్వెండా కంచె దాటి వచ్చింది. ఆ పుల్లీ ఆమె చేతిలో పెట్టాడు. దాని మీద కీత్ గీసుకున్న పేరు నోలీన్‌కి కనిపించింది.

"కీత్‌దీ నాదీ ఒకే లారీలోంచి దిగిన ఇంజిన్లు, గ్వెండా," అన్నాడు మర్వ్. "ఈ పుల్లీ పన్నెండు ఇస్తుంది. పన్నెండుకి ఇలా ఉంటుంది." బెజ్జంలో వేలు పెట్టి చూపించాడు. "నీ కాళ్లు ఉండేది సరిగ్గా దీని వెనకే."

గ్వెండా వంగి ఆ బెజ్జంలోకి చూసింది. "మరి నీ రేసు?"

"సాసేజీలు ఎవడో ఒకడు కాల్చాలిగా." పెట్టెలోంచి ఇంకో పుల్లీ తీసిచ్చాడు. "ఇది పెట్టుకో. నా ఎనిమిది కంటే ఒక్క పౌండు తక్కువ. తక్కువే మంచిది."

తక్కువ అనే మాట ఆ నోట రావడం నోలీన్ వినడం అదే మొదటిసారి. తిట్లు ఇంకా చాలా మిగిలాయి గానీ, ఆవిడ నేల మీది నూనె తుడవడానికి గుడ్డ అందుకుంది.

మర్నాడు గ్వెండా క్లారీ వెనకాల వచ్చింది, రెండో స్థానంలో, నవ్వుతూ. కీత్ పుల్లీ కారు లోపలి అద్దానికి వేలాడుతోంది. పొయ్యి దగ్గర మర్వ్ గెంతులేశాడు. నోలీన్ కొత్త టోపీ పెట్టుకుని, తరిగిన ఉల్లిపాయల గిన్నెతో వచ్చి పక్కన నిలబడింది.

"మంచం ఇంట్లోనే ఉంది," అంది, ఎటో చూస్తూ.

మర్వ్ మొహం వెలిగిపోయింది. వెంటనే పొయ్యిలోకి వంగి చూసి, గ్యాసు మర మీద చెయ్యి వేశాడు. "మంట చాల్లేదు, నోలీన్. ఇంకొక్క పౌండు..."

నోలీన్ టోపీ తీసి వీపు వెనక దాచుకుని, గబగబా వెనక్కి జరిగింది. ఆపమని మాత్రం అనలేదు.